ఎర్ర పలుపు

మత్తిగిరి,
18 మే 2025

అత్తకు తిలక్ నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీకు వినబడదు. వాట్సాప్‌లో రాస్తే అక్షరాలు చీమల బారులా ఉన్నాయని తిడతావు. అందుకని నీకిష్టమైన రూళ్ల కాగితమే తీసుకున్నాను. హోసూరు మార్కెట్‌లో నీ క్యాప్సికం దింపి అత్తిముగానికి ఖాళీగా తిరిగొచ్చే మారియప్ప వ్యాన్‌లో ఈ ఉత్తరం వస్తుంది. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

ఒక సాయం కావాలి. నా కారు అమ్మేస్తున్నాను. నువ్వు ఉరుముల బండి అంటావే, అదే. ఆరేళ్ల కింద ఒక పాత సెడాన్ కొని, ఇంజన్ మార్చి, టర్బో పెట్టి, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనుప గొట్టాల పంజరం బిగించి, ప్రతి నట్టూ నా చేతులతో తిప్పి తయారు చేసుకున్న బండి. రేసు ట్రాక్ మీద నడపడానికీ డ్రిఫ్టింగ్‌కీ తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఇక్కడ అపార్ట్‌మెంట్ వాళ్లు అది నిలిపే స్థలం ఖాళీ చెయ్యమంటున్నారు. నీ ట్రాక్టర్ షెడ్డులో ఒక నెల ఉంచుకోనిస్తావా? కొనేవాళ్లు అక్కడికే వచ్చి చూసుకుంటారు. జూన్ ఇరవై ఆరున ఆషాఢం మొదలవుతుంది, దాని వెనకే తమిళుల ఆడి నెల. ఆ రోజుల్లో బండి కొనేవాడు దొరకడు. ఆలోపలే పోవాలి.

ఎందుకు అమ్ముతున్నావని అడుగుతావు కాబట్టి ముందే చెప్తున్నాను. రంజితకు ఇష్టం లేదు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఒక్క మనవి. ఎవరైనా చూడడానికి వస్తే తాళం ఇవ్వు, చాలు. బండి గురించి నువ్వేమీ చెప్పొద్దు. మిగతాది నేను ఫోన్‌లో మాట్లాడుకుంటాను.

నీ మేనల్లుడు,
తిలక్


అత్తిముగం,
22 మే 2025

చిరంజీవి తిలక్‌కు రామలక్ష్మమ్మ దీవెనలు.

బండి చేరింది. కాళ్లున్న బండి లారీ వీపు మీద పడుకుని ఊళ్లోకి రావడం చూసి జనమంతా వాకిళ్లలోకి వచ్చారు. ఎవరికైనా బాగా లేదా అని అడిగారు. బండికే బాగా లేదేమో అన్నాను. నడిచేదైతే నడిపించుకు రావచ్చు కదా? నువ్వు రాసిన ఆ డ్రిఫ్టింగ్ ఏమిటని మారియప్పను అడిగితే చెయ్యి అడ్డంగా ఊపి చూపించాడు. అంటే బండి పక్కకు పోతుందా? ఇన్నేళ్లుగా దాన్ని ఎవరికీ చూపించలేదా నువ్వు?

ఒక్కటి మాత్రం నచ్చింది. ముక్కు దగ్గర ఎర్రటి పలుపు కట్టావు. ఎద్దుకున్నట్టే ఉంది.

ఏమీ చెప్పొద్దన్నావు. మీ మామ మంచాన పడ్డప్పటి నుంచి పదిహేనేళ్లు ఊరూరి సంతల్లో, ఎడ్ల పరసల్లో నేనే కొన్నాను, నేనే అమ్మాను. ఆడది ఎడ్ల బేరానికి రావడమేమిటని నవ్విన మగవాళ్లు నా ఎడ్లనే కొనుక్కుపోయారు. నేను నేర్చుకున్నవి రెండే. ధర చెప్పకముందు లోపం చెప్పాలి. ఎద్దును ఇవ్వాలి కానీ దాని పలుపు ఇవ్వకూడదు; పలుపుతో పాటు ఇంటి లక్ష్మి కూడా గడప దాటి పోతుందంటారు. కొనేవాడు తన పలుపు తానే తెచ్చుకుంటాడు. నీ ఇష్టం, తాళం ఇస్తాను, నోరు మూసుకుంటాను. నాకది పెద్ద శిక్ష అని నీకు తెలుసు.

రంజిత మీద కోపంగా ఉంది. మగడు ఆరేళ్లు కష్టపడి చేసుకున్నదాన్ని అమ్మించే పిల్ల అనుకోలేదు. ఈ వారం రాగి పిండి పంపడం లేదు.

అత్త


మత్తిగిరి,
27 మే 2025

అత్తా,

పిండి ఎందుకు రాలేదని రంజిత అడిగింది. మర చెడిపోయిందని చెప్పాను. ఇక అలాగే చెప్పు.

బండికి జబ్బేమీ లేదు. ఇలా మార్చిన బండిని రోడ్డు మీద నడపకూడదని చట్టం, అందుకే లారీలో పంపాను. పక్కకు పోవడం లోపం కాదు. మలుపులో వెనక చక్రాలను జార్చి, బండిని అడ్డంగా తిప్పి, పడిపోకుండా పట్టుకుని పోవడమే ఆ ఆట. అందుకోసమే కట్టాను. ఆ ఎర్ర పలుపు, ట్రాక్ మీద బండి ఇరుక్కుంటే లాగడానికి బిగించే పట్టీ.

బర్గూరు నుంచి గోపీనాథ్ అనే కుర్రవాడు ఆదివారం వస్తున్నాడు. ఇరవై మూడేళ్లు. వాళ్ల నాన్న అశ్వత్థప్పకు గ్రానైట్ పాలిష్ యూనిట్ ఉంది. మన భాష వాళ్లే. దయచేసి చూపించి ఊరుకో.

తిలక్


అత్తిముగం,
2 జూన్ 2025

చిరంజీవి తిలక్‌కు,

నీ కుర్రవాడు వచ్చి వెళ్లాడు. మంచి పిల్లవాడు. నాకు వినబడదని తెలిశాక కారు అద్దం మీది దుమ్ములో వేలితో రాసి మాట్లాడాడు. తెలుగు రాయడం రాదేమో, తమిళంలో రాశాడు, అయినా చదువుకున్నాను.

ఊరుకోలేక ఒక్క మాట చెప్పేశాను. "అబ్బోడా, ఈ బండి నేరుగా పోదప్పా, పక్కకు పోతుందంట" అన్నాను. వాడు నా రెండు చేతులూ పట్టుకుని నవ్వాడు. అద్దం మీద 'అదే కావాలి' అని రాశాడు. పక్కకు నడిచే ఎద్దు కావాలని పరసకు వచ్చినవాణ్ని నా జన్మలో చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాడు వెనక చక్రాల కింద పడుకుని ఫోటోలు తీసుకుంటున్నాడు. నేను ముందు మూత తెరిచి ఉంటే పక్కన నిలబడ్డాను. ఎద్దును చూసేటప్పుడు కాలు పొడవునా చెయ్యి వేసి తడుముతాం, కంటికి కనపడనిది చేతికి దొరుకుతుంది. ఆ అలవాటు ఊరుకోదు. కుడి చక్రం లోపల పొడవాటి ఇనుప దూలం నున్నగా ఉంది. ఎడమ పక్క దూలం మీద చిటికెన వేలంత గట్టు. మీద రంగు పూశారు. విరిగి అతుక్కున్న ఎముక మీద ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఎప్పుడు విరిగింది? ఎవరు అతికించారు? ఆ పిల్లవాడికి తెలుసా?

నీ మాట మీద నోరు మూసుకున్నాను. వాడు వెళ్లిపోయాక మళ్లీ వెళ్లి తడిమి చూశాను.

అత్త


మత్తిగిరి,
5 జూన్ 2025

అత్తా,

అది చిన్న దెబ్బ. సరిచేసి వెల్డింగ్ చేయించాను. చేసినవాడు పనితనం తెలిసినవాడు. పాత బండ్లలో అతుకు లేనిది ఒక్కటి చూపించు. కొనేవాడు చూసుకోవాలి, వాడు చూసుకున్నాడు, నచ్చింది, అడ్వాన్స్ కూడా పంపాడు. ఇరవై రెండో తేదీ ఆదివారం తీసుకుపోతాడు. ఇది ఎద్దు కాదు, నువ్వు పరస నియమాలు తెచ్చి దీనికి తగిలించకు.

తిలక్


మత్తిగిరి,
11 జూన్ 2025

అత్తా,

గోపీనాథ్ ఫోన్ చేశాడు. తీసుకుపోయే ముందు వాళ్ల నాన్న కూడా వచ్చి బండి చూస్తాడట. ఉన్నట్టుండి ఈ అనుమానం ఎందుకు వచ్చింది? నువ్వే కబురు పంపావు కదా? మారియప్ప బర్గూరు వైపు కూడా లోడు తోలుతాడని నాకు తెలుసు. ఒక్క నెల, ఒక్క మాట దాచలేకపోయావా?

తిలక్


అత్తిముగం,
14 జూన్ 2025

తిలక్‌కు,

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొడుకు కొనేదాన్ని తండ్రి చూడాలనుకుంటే అది అనుమానం కాదు. నీకు అనుమానంగా కనపడిందంటే అది నీ లోపలిదే. నన్నలా అన్నందుకు బాధపడ్డాను. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని లేచిపోయాను.

నిన్న రంజిత వచ్చింది. పిండి కోసం మర బాగయిందా అని చూడడానికి. నేను ముఖం తిప్పుకుని, మగడి బండి అమ్మిస్తున్నావటగా అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి క్యాలెండర్ వెనక రాసింది. నేనెప్పుడూ అమ్మమనలేదు, ఎందుకు అమ్ముతున్నాడో నాక్కూడా చెప్పలేదు అని.  నీ మాట నమ్మి మూడు వారాలు ఆ పిల్లను అన్యాయంగా తిట్టుకున్నాను. రెండు సేర్ల పిండి ఇచ్చి పంపాను. తప్పు ఒప్పుకున్నాను కూడా.

షెడ్డులో నీ బండి నిలబడిన చోట, పైన గోడకు ఒక పాత పలుపు వేలాడుతుంటుంది. మీ మామ జ్ఞాపకమని అందరూ అనుకుంటారు. కాదు. ఈ సంగతి మీ నాన్నకు కూడా తెలియదు.

ముప్పై ఆరేళ్ల కింద మాట. నేను పరసకు పోవడం అదే మొదలు. మన దగ్గర కెంపు అనే ఎద్దు ఉండేది. చూడడానికి గుడి రథానికి కట్టేటట్టు ఉండేది. చిన్నప్పుడు దాని ముందు కాలు విరిగి అతుక్కుంది. చదును మీద బాగానే నడిచేది. బరువు బండితో పల్లానికి దిగేటప్పుడు ఒక్కోసారి ఆ కాలు మడిచేసేది. మీ మామ మందులకు చేతిలో ఏమీ లేదు. శూళగిరి అవతలి నుంచి వచ్చిన నాగన్న అనే రైతు కాళ్లు తడిమాడు, అతుకు వాడి చేతికి దొరకలేదు. నేను చెప్పలేదు. వాడు మళ్లీ తడుముతాడేమోనన్న భయంతో, వాడు తన పలుపు విప్పి కట్టుకునేదాకా కూడా ఆగకుండా, మన పలుపుతోనే ఎద్దును చేతికిచ్చి పంపేశాను.

పన్నెండో రోజు పల్లంలో కెంపు కాలు మడిచింది. రాగుల బండి తిరగబడింది. నాగన్న కుడి చెయ్యి చక్రం కింద పడి రెండు వేళ్లు పోయాయి. వాడు తగవుకు రాలేదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఒక మనిషి చేత ఆ పలుపు మాత్రం తిరిగి పంపాడు. "ఇది మీ ఇంటిదంట, ఆడనే ఉండనీ అన్నాడమ్మా" అని చెప్పి ఆ మనిషి వెళ్లిపోయాడు. లోపం ముందు చెప్పాలన్న నియమం నాకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజు నుంచి నేనే పెట్టుకున్నాను.

ఫ్యాక్టరీలో నీ పని ఏమిటి? వెంట్రుకంత పగులు ఉందని సామాను వెనక్కి పంపడమే కదా? ఆ కుర్రవాడు దానిలో కూర్చుని మలుపులో అడ్డంగా తిరుగుతాడని నువ్వే రాశావు. ఆ దూలం అప్పుడు ఆగుతుందో లేదో నీకు తెలుసా? తెలిస్తే నాకు రాయి. తెలియకపోతే వాడికి చెప్పు.

అత్త


మత్తిగిరి,
18 జూన్ 2025

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు కబురు పంపావని అన్నందుకు క్షమించు.

ఆ దూలం ఆగుతుందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నవంబరులో స్నేహితుడి పెళ్లని చెప్పి చెన్నై దగ్గరి ట్రాక్‌కు వెళ్లాను. నాలుగో మలుపులో బండి చేతిలోంచి జారి గోడకు కొట్టుకుంది. నాకు గీత కూడా పడలేదు. బండి ముందు భాగం వంగిపోయింది. అక్కడే ఒక షెడ్డులో లాగించి, అతికించి, రంగు వేయించి తెచ్చాను. ఆ తరవాత రెండుసార్లు వెళ్లాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి కాలు దానంతట అదే యాక్సిలరేటర్ మీది నుంచి లేచిపోతోంది. ఎంత తొక్కాలనుకున్నా తొక్కలేకపోయాను. అమ్ముతున్నది అందుకు. నాకు భయం వేస్తోందని చెప్పడం కంటే రంజితకు ఇష్టం లేదని చెప్పడం తేలికనిపించింది.

రంజితకు మొత్తం చెప్పాను. పొయ్యి ఆపి వచ్చి కూర్చుని వింది. తరవాత, "బండి ఇరిగినందుకు కాదు నాకు కోపం. నా పేరు పెట్టి అమ్ముతుండావే, అందుకు" అంది. 

ఆ మరునాడే సెలవు పెట్టి బర్గూరు వెళ్లాను. వంగిన దూలం ఫోటోలు గోపీనాథ్ ముందు పెట్టాను, అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తానన్నాను. వాడి ముఖం వాడిపోయింది. 'నేనే కింద పడుకుని చూశాను కదన్నా, నాకు కనపడలేదే' అని అదే మళ్లీ మళ్లీ అన్నాడు. వాళ్ల నాన్న పక్కనే పాలిష్ మిషన్ ఆపి వచ్చి, ఫోటోలు చూసి, అతుకును ఎవరు కనిపెట్టారని అడిగాడు. కళ్లజోడు కూడా పెట్టుకోకుండా మా అత్త చేత్తో తడిమి కనిపెట్టిందన్నాను. ఆయన చేతులు తుడుచుకుని, "ఆ అమ్మనే చూడాల. ఆదివారం వస్తాము" అన్నాడు. కొంటామని కానీ వద్దని కానీ అనలేదు.

ఆదివారం నేను రాను అత్తా. బండి వెళ్లిపోతుంటే నిలబడి చూడలేను. నువ్వు ఏది కుదిరిస్తే అదే.

తిలక్


అత్తిముగం,
23 జూన్ 2025

చిరంజీవి తిలక్‌కు దీవెనలు.

బండి వెళ్లిపోయింది. ఏడవకు.

తండ్రీ కొడుకులు పొద్దున్నే లారీతో వచ్చారు. అశ్వత్థప్ప నా కంటే ఐదారేళ్లు చిన్న. మూత ఎత్తి, నేను చెయ్యి పెట్టిన చోటే చెయ్యి పెట్టి తడిమాడు. నేను ముందే గట్టిగా చెప్పాను, "ఈడ ఇరిగిందప్పా, అతికించినారు. ఆగుతుందో లేదో మావోడికి కూడా తెలీదు" అని. ఆయన తలూపి భుజం మీది తువ్వాలు తీసి నా ముందు చాచాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. పరసలు పోయాక ఆ తువ్వాలు కిందికి నా చెయ్యి వెళ్లలేదు.

నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. బేరం నోటితో ఆడరు. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత. చుట్టూ ఎంతమంది ఉన్నా ఇద్దరికి తప్ప తెలియదు. కుదిరితే వేళ్లన్నీ కలిపి ఒక్కసారి నొక్కుతారు, ఇక వెనక్కి పోవడం లేదు. చెవులతో పనిలేని బేరం. నాకంటే దానికి తగినవాళ్లు ఎవరున్నారు? లోపానికి తగినంత తగ్గించాను. ఆయన అంతకంటే ఎక్కువ తగ్గించమని అడగలేదు. గోపీనాథ్ మా ఇద్దరినీ పిచ్చివాళ్లను చూసినట్టు చూశాడు.

ఆ దూలాన్ని కోసేసి కొత్తది వేయిస్తాడట. అది పూర్తయ్యేదాకా దానిలో కూర్చోనని నా ఎదుటే కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడు.

ట్రాక్టర్ స్పానర్‌తో ఎర్ర పలుపు విప్పేశాను. కుర్రవాడు అడ్డం వచ్చాడు, తండ్రి వాణ్ని వెనక్కి లాగాడు. తరవాత లారీ క్యాబిన్‌లోంచి కొత్త పలుపు ఒకటి తీసుకొచ్చి బండికి కట్టాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. దానితోనే లాగి లారీ ఎక్కించారు.

అత్త


మత్తిగిరి,
20 జూలై 2025

అత్తకు తిలక్, రంజిత నమస్కారాలు.

గోపీనాథ్ ఫోన్ చేశాడు. కొత్త దూలం వేయించి మొదటిసారి ట్రాక్‌కు తీసుకెళ్తే, వాళ్ల నాన్న కట్టిన తాడు చెల్లదు, ముందు పట్టీ పలుపు లేని బండిని లోపలికి రానివ్వమన్నారట. నన్ను అడుగుదామనుకుంటే వాళ్ల నాన్న, అది వాళ్ల ఇంటిది, అడక్కూడదని తిట్టాడట. అక్కడే కొత్తది కొని కట్టాడు. నీలం రంగుది. మన ఎర్రది ఏం చేశావు?

వీడియో పంపాడు. పొగలో బండి అడ్డంగా పోతోంది. నేను ఆరేళ్లలో ఒక్కసారి కూడా అంత బాగా తిప్పలేదు. రంజిత పక్కనే కూర్చుని చూసింది. మలుపు వచ్చినప్పుడు నా కాలు నేల మీది నుంచి లేచింది. ఆమె చూసి నా మోకాలి మీద చెయ్యి వేసింది. నాకు మళ్లీ నడపాలని లేదు. కానీ ఇప్పుడు ఆ మాట చెప్పడానికి సిగ్గుగా లేదు.

ఒకటి అడుగుతాను, కోపగించుకోవద్దు. నన్ను బర్గూరు పంపావు. నువ్వు మాత్రం శూళగిరి అవతలికి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదా? నాగన్న ఉన్నాడా?

తిలక్


అత్తిముగం,
29 జూలై 2025

చిరంజీవి తిలక్‌కు, చిరంజీవి సౌభాగ్యవతి రంజితకు దీవెనలు.

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నిన్న గాక మొన్న పుట్టినవాడు నాకు చెప్పేదేమిటని నాలుగు రోజులు ఆ కాగితం మళ్లీ ముట్టుకోలేదు. నాగన్న ఉన్నాడని నాకు ప్రతి ఏడూ తెలుస్తూనే ఉంది. ఎవరి పెళ్లిలోనైనా ఆ ఊరివాళ్లు కనిపిస్తే అడిగేదాన్ని, వెళ్లేదాన్ని కాదు. ఇరవై కిలోమీటర్లు కూడా లేదు.

ఆదివారం మారియప్పను వ్యాన్ తియ్యమన్నాను. గోడ మీది పాత పలుపు మడిచి సంచిలో పెట్టుకున్నాను. నాగన్న కూతురి ఇంట్లో ఉంటున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. వసారాలో కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నాడు, ఎడమ చేత్తో. నేనెవరో చెప్పక్కర్లేకపోయింది.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమోనని. "నాగన్నా, ఆ ఎద్దు కాలు ఇరిగిందని నాకు తెలుసు. తెలిసే అమ్మినాను." పలుపు తీసి అతని ముందు పెట్టాను.

అతను చాలాసేపు మాట్లాడాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒక్క ముక్క నాకు వినబడలేదు. తిట్టాడో, ఇన్నేళ్లు ఏం చేశావని అడిగాడో, చెయ్యి నొప్పి గురించి చెప్పాడో నాకు తెలియదు. మారియప్ప దగ్గరికి వచ్చి చేతులతో చెప్పబోతే వద్దని ఆపాను. ఎన్ని మాటలైతే అన్ని మాటలు, అవి నాకు రావలసినవే. తలవంచుకుని నిలబడ్డాను.

మాటలు అయిపోయాక పలుపు తీసి మళ్లీ నా సంచిలో పెట్టాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. కింద నుంచి తన కుడి చెయ్యి పెట్టాడు. ఉన్న మూడు వేళ్లూ కలిపి ఒక్కసారి నొక్కాడు.

నీ ఎర్రది షెడ్డులోనే ఉంది. పాతదాని పక్కన అదే మేకుకు వేశాను. ఇప్పుడు ట్రాక్టర్ తీసేటప్పుడు ఆ గోడ వైపు తలెత్తి చూస్తున్నాను.

మారియప్ప తొందరపెడుతున్నాడు. రాగి పిండి పంపుతున్నాను, మర బాగానే ఉంది.

మీ అత్త,
రామలక్ష్మమ్మ